భయము ప్రతినాయకుఁడైన కథ

వీరమునకు ఉత్సాహము స్థాయి. అది యుత్తమప్రకృతి నాశ్రయించును. భయానకమునకు భయము స్థాయి. అది స్త్రీనీచప్రకృతుల నాశ్రయించును. భరతముని చేసిన యీ విభాగము అలంకారశాస్త్రమునఁ దొలియడుగు వేసిన విద్యార్థికిని దెలిసినదే. ఈ రెండు రసములు నొక్క యాశ్రయమున నిలువవనియు, విరోధము తొలఁగవలెనన్నచో వీరమును నాయకునియందును భయమును బ్రతినాయకునియందును నిబంధింపవలయుననియు ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున వ్యవస్థ చేసెను. మన కావ్యములు తఱుచుగా నీ వ్యవస్థనే పాటించినవి. నాయకుఁడు శంఖము పూరించును. పగవాని సేన గడగడ వడఁకును. నాయకుఁడే వడఁకిన కావ్యమును వీరకావ్యమని యెవ్వరును బాఠము చెప్పరు.

నాయకుఁడే మొదటి ప్రకరణమునుండి దాదాపు కడవఱకు వడఁకుచుండు నవల యొకటి కలదు. అది యొక జాతి తన పూర్వపాలకులతో సల్పిన స్వాతంత్ర్యసమరమును గూర్చినది. దానిని వీరకథ యనవచ్చునా, భయానక మనవలెనా, లేక రసాభాసమని త్రోసివేయవలెనా యనునది యిచ్చట విచార్యము.

గ్రంథనామము ‘జాలన్ తాక్ అదా ఉజుంగ్’. ‘కొసలేని త్రోవ’ యని తెలుఁగు చేయుదును. అట్లేల చేసితినో కడపటఁ జెప్పెదను. ఇది ఇండొనీషియాభాషలో 1952లో వెలువడెను. గ్రంథకర్త మొఖ్తార్ లుబిస్ (1922–2004) సుమాత్రాలోని పడాంగున జన్మించిన పత్రికాసంపాదకుఁడు. స్వతంత్రదేశపు ప్రభుత్వమునే విమర్శించి, సుకర్ణో కాలమున 1956 మొదలుగాఁ బెక్కేండ్లు నిర్బంధము ననుభవించినవాఁడు. ప్రకటించినది ‘బలై పుస్తక’ యను సంస్థ. పుస్తకశబ్దము మనదే; సంస్థ మాత్రము దేశీయుల చదువును దమ యధీనమున నుంచుకొనఁదలఁచి 1917లో డచ్చివారు నెలకొల్పినది. పరపాలకులు కట్టిన పుస్తకశాలనుండియే వారితోడి పోరాటకథ వెలువడెను. ఆంటొని జాన్సు గావించిన ఆంగ్లానువాదము 1968లో వచ్చెను. నేను దాని నాధారముగాఁ గొని, నిఘంటుసాహాయ్యమున మూలపదములను బరికించితిని.

కథకుఁ బూర్వరంగమును సంగ్రహముగాఁ జెప్పుదును. 1945 ఆగస్టు 15వ తేదిని జపాను లొంగిపోయెను. 17వ తేదిని సుకర్ణో, హట్టా యనువారు జకార్తాలో స్వాతంత్ర్యప్రకటన గావించిరి. జపానువారికి ముందు ఆ ద్వీపములను బాలించిన డచ్చివారు తిరిగి వచ్చుటకు సన్నద్ధులైరి. వారికంటె ముందు దిగినది బ్రిటిషుసేన; అందు మిక్కుటముగా నుండినవారు మన భారతీయసిపాయిలే. సురబాయాలో అక్టోబరు 30న బ్రిగేడియరు మాలబీ హతుఁడయ్యెను. నవంబరు 10న బ్రిటిషువా రా నగరముపై విరుచుకొనిపడిరి. ఆ దినమును ఇండొనీషియనులు నేఁటికిని వీరదినముగా నాచరింతురు. ఒకరి కొఱకు మఱియొకరితోఁ బోరవలసివచ్చిన మన సిపాయిలలోఁ గొందఱు పక్షము మాఱిరనుట చరిత్రప్రసిద్ధము. పిదప 1947 జూలై 21నను, 1948 డిసెంబరు 19నను డచ్చిసేనలు రెండు పెద్దదాడులు సలిపెను. రెండవదానిలో యోగ్యకర్తనగరము పట్టువడెను, సుకర్ణోయు హట్టాయుఁ జెఱపడిరి. 1949 జనవరిలో జవాహరులాల్ నెహ్రూ డిల్లీలో ఆసియాదేశముల సభఁ గూర్చి యా దాడిని ఖండింపఁజేసెను. 1949 డిసెంబరు 27న డచ్చివా రధికారము నప్పగించిరి.

పదవిచారము వృత్తిగాఁ గలవాఁ డిచ్చట నొకింత యాగక తప్పదు. డచ్చివా రీ దాడులకు యుద్ధమని పేరిడలేదు, ‘పోలీసుచర్య’ యనిరి. యుద్ధము రాజ్యమునకును రాజ్యమునకును నడుమ జరుగును. పోలీసుచర్య ప్రభుత్వమునకును దొంగకును నడుమ జరుగును. పేరునందే ప్రతిజ్ఞ యిమిడియున్నది. (1948 సెప్టెంబరున హైదరాబాదు విషయమున నా పదమే మన యింటను వినఁబడెను, ఆ చర్చ యిచ్చట నప్రస్తుతము.) స్వాతంత్ర్యదినము 1945 ఆగస్టు 17 అని యొకరును, 1949 డిసెంబరు 27 అని యొకరును లెక్కించిరి. నడుమనున్న నాలుగేండ్లు ఒకరికి దేశరక్షణము, వేఱొకరికి అల్లరి యడఁచుట. మొదటి తేదిని డచ్చిప్రధాని నిస్సంకోచముగా నంగీకరించుట 2023లోఁ గాని జరుగలేదు.

ఈ నామభేదము రసవిచారమునకుఁ బనికివచ్చును. యుద్ధవీరమునకు జేతవ్యుఁడగు శత్రువు ఆలంబనము. వాని గర్జనాదు లుద్దీపనములు. యుద్ధమని పేరులేని యుద్ధమున శత్రువు రథమెక్కి యెదుట నిలువఁడు. రాత్రి వీధిలోఁ దిరుగు లారీ, తలుపుపై దెబ్బ, సోదా, ఎచ్చటనో తుపాకిమ్రోఁత, బూట్లచప్పుడు: ఇవి భయానకమునకు ముని చెప్పిన వికృతరవశూన్యాగారాదులకు సజాతీయములు. గణతంత్రప్రభుత్వము 1946 జనవరిలోనే యోగ్యకర్తకుఁ దరలిపోయెను. జకార్తాలో మిగిలిన సామాన్యున కుత్సాహమునకుఁ దగిన విభావ మెక్కడిది? కావున లుబిస్ భయమును గైకొనుట వైపరీత్యము గాదు. విభావమునకుఁ దగిన భావమునే యతఁడు గైకొనెను.

ఆ ద్వీపవాసులు వీరరస మెఱుఁగరా యన్నచో, మనకంటెఁ దక్కువ యెఱుఁగరు. నన్నయకుఁ దరువాత, తిక్కనకు ముందు, 1157లో జావాయందు ఎంపు సెదః, ఎంపు పనులుః అను కవు లిరువురు భారతయుద్ధమును కాకవిన్ కావ్యముగా రచించిరి. పోషకుఁడగు రాజు పేరు జయభయుఁడు. (జితభయుఁ డనక జయభయుఁ డనుటయందు వైయాకరణులకుఁ గొంత పని కలదు, అభిప్రాయము మాత్రము స్పష్టమే.) వాయాంగు అను తోలుబొమ్మలాటలో నేఁటికిని భీమార్జునులు తెల్లవార్లుఁ బోరుదురు. అట్టి సంప్రదాయముగల దేశమున నొక రచయిత భీరువును నాయకునిఁగా నిలిపినాఁడన్నచో నది తెలియమిచేతఁ జేసినది కాదు.

స్వాతంత్ర్యమునకు వారు వాడు పదము ‘మెర్దెకా’. ఇది మహర్ద్ధికశబ్దభవము: మహతియగు ఋద్ధి గలవాఁడని బహువ్రీహి, సమాసాంతమగు కప్ప్రత్యయము. ప్రాచీనజావాభాషలో ప్రాజ్ఞుఁడు, గుణవంతుఁడు అను నర్థములఁ జెల్లిన యీ పదము డచ్చివారి బటావియాలో (అదియే నేఁటి జకార్తా) దాస్యవిముక్తుఁడను నర్థమునకు వచ్చెను. మార్దైకరు లనఁబడిన యా విముక్తదాసులలోఁ గోరమండలతీరమునుండియు వంగదేశమునుండియుఁ గొనిపోఁబడినవారి సంతతియుఁ గలదు. మచిలీపట్టణమున వలందపాలెమను పేట డచ్చివారి పేరు నిప్పటికిని మోయుచునే యున్నది; ఆ వర్తకులు మన తీరమునఁ గొన్నవి కలంకారీవస్త్రములు మాత్రమే యనుకొనరాదు. 1945 నాఁటి కా శబ్దమే జాతి యంతటికి నినాదమయ్యెను. ఋద్ధిమంతుఁడు, విముక్తదాసుఁడు, స్వతంత్రుఁడు అను నీ యర్థపరిణామమును మనసునఁ బెట్టుకొని నవలఁ జదువవలెను. అందలి నాయకుఁడు ఋద్ధిమంతుఁడు కాఁడు. అతని యజమాని డచ్చివాఁడును గాఁడు.

అతని పేరు ఈసా. జకార్తాలో తనా ఆబాంగు పేటయందొక పాఠశాలోపాధ్యాయుఁడు. గురుశబ్దము నా భాషయందును ఉపాధ్యాయునకే వాడుదురు; రచయిత కథయందు అతనిని ‘గురు ఈసా’ యనియే పేర్కొనును. ఇంట భార్య ఫాతిమా, పెంపుడుకొడుకు సలీము. జీతము చాలదు. ఇల్లు గడువక పాఠశాలలోని వ్రాఁతపుస్తకములను దొంగిలించి యమ్ముకొనును. బాలురకు సత్యము పలుకుమని చెప్పు నోటితో వాఁడు మఱునాఁడు హాజరుపట్టీ చదువవలెను గదా! ఉపాధ్యాయవృత్తి నెఱిఁగినవారికి ఆ ఘట్టము ఫిరంగిమ్రోఁతలకంటె దుస్సహము.

ఈసాకు హజిల్ అను యువకునితో మైత్రి. ఫిడేలు వారిని గలిపినది. హజిల్ విప్లవకారుఁడు, నిర్భయుఁడు, నవ్వుచు నాపదలోనికిఁ బోవువాఁడు. స్వాతంత్ర్యపథము కొసలేనిదను మాట యతనిదే. ఈసాను రహస్యకార్యములలోఁ జేర్చుకొందురు. కాదనుటకు ధైర్యము చాలక యతఁడు చేరును. ఇది మిక్కిలి సూక్ష్మమగు పరిశీలనము: వీరుల పంక్తిలో నతనిని నిలిపినది భయమే. ఆయుధములు చేరవేయుపనిలో హజిల్ నవ్వుచుండును. ఈసాకుఁ జెమట పోయుచుండును.

భయానకమునకు మన యాలంకారికు లెల్లరు స్మరించు నుదాహరణము శాకుంతలప్రథమాంకమునఁ బరుగిడు లేడి. ఆ భయము లేడిది గాక, దుష్యంతునిది గాక, నటునిది గాక, దేశకాలములు వదలిన శుద్ధభయముగా సామాజికునకు గోచరించునని అభినవగుప్తుఁడు వివరించెను. ఈసాభయమును నట్టిదే, జకార్తా యెక్కడనున్నదో యెఱుఁగని చదువరికిని దనదిగాఁ దోఁచును. భేద మొక్కటి కలదు. లేడికిఁ బరుగు కలదు. ఈసాకుఁ బాఠశాలగంట కలదు; ఎనిమిదింటికిఁ దరగతిలో నుండవలెను.

ఇచ్చటఁ దెలుఁగువారికి విరాటపర్వమునందలి యుత్తరుఁడు జ్ఞప్తికి రాక మానఁడు. తిక్కన యుత్తరుని భయమును హాస్యమునకు వినియోగించెను. అంతఃపురమునఁ బ్రగల్భములు పలికినవాఁడు గనుక వాని పరుగు నవ్వు పుట్టించును. పైఁగా బృహన్నల వాని ప్రక్కనే యుండెను. వానికి హాని కలుగదని మనకుఁ దెలియును. ఈసా ప్రగల్భములు పలుకఁడు, కావున హాస్యము పుట్టదు. ఇఁక బృహన్నల? హజిలే యని చదువరి తలఁచును. రచయితయు నట్లే తలఁపఁజేయును. ఆ నమ్మక మంచెలంచెలుగాఁ గూలుటయే యీ నవలలోని యుత్తమశిల్పము. భయము మూలమున ఈసాకు దాంపత్యసామర్థ్యము నశించెను. ఫాతిమా హజిలువంకకు మొగ్గును. ఒకనాఁడు దిండుక్రింద హజిలు చుంగాణి ఈసా కంటఁబడును. భార్య నడుగఁడు, స్నేహితుని నడుగఁడు. ఆ మౌనమున భయ మెంత, ప్రేమ యెంత, అలసట యెంత యని విడఁదీయుట నాకు సాధ్యము గాలేదు. విడఁదీయ వలనుపడకుండుటయే యా ఘట్టమునకు బలము.

పిదప హజిలును రఖ్మతు అను నింకొక యువకుఁడును గలసి, చలనచిత్రశాలనుండి వెలువడు డచ్చిసైనికులపైఁ జేతిబాంబులు విసరుదురు. ఈసా దూరమున నిలిచి చూచును. కొన్నినాళ్లకు హజిల్ పట్టువడి, దెబ్బలకుఁ దాళఁజాలక ఈసా పేరు చెప్పివేయును. అనఁగా బృహన్నలయే రథము దిగి పరుగెత్తెను. చెఱసాలలో విఱిగిపోయిన హజిలును జూచిన పిమ్మట, దెబ్బలు తినిన పిమ్మట, ఈసాకు స్థైర్యము కలుగును. అతని భయము పోదు. ప్రతిమనుష్యునకును దనతన భయము కలదని గ్రహించి యతఁడు దానితో సమాధానపడును. బూట్లచప్పుడు గదితలుపును సమీపించుచుండఁగాఁ గథ ముగియును.

దీనిపై నాక్షేపములు రెండు. మొదటిది లౌకికము: వేలమంది ప్రాణములొడ్డిన పోరాటమును భీరువు కన్నులఁ జూపుట దేశమున కవమానము గాదా? అవమాన మగుటకు ఆ భయము నిష్కారణమై యుండవలెను. కరవాంగు ప్రాంతమున రవగదె యను గ్రామమున 1947 డిసెంబరు 9న డచ్చిసైనికులు గ్రామస్థులగు పురుషులను గుంపుగాఁ గాల్చిచంపిరి. వారి విధవలకుఁ బరిహార మీయవలసిన బాధ్యత డచ్చిప్రభుత్వమునకుఁ గలదని హేగునగరపు న్యాయస్థానము 2011లోఁ దీర్పు చెప్పెను. ఆ యుద్ధమున డచ్చిసేన యతిహింస యక్కడక్కడ జరిగినది గాక, విధానముగా నడచినదని వారి పరిశోధకులే 2022లోఁ దేల్చిరి; ప్రధాని క్షమాపణము చెప్పెను. కావున ఈసా పిఱికి గాఁడు, కన్నులున్నవాఁడు.

రెండవది శాస్త్రీయము: ఏకాశ్రయమున వీరభయానకములకు విరోధ మెట్లు పరిహృతము? విరోధిరసములు బాధ్యములైనను, అంగములైనను దోషము లేదని యానందవర్ధనుఁడే యనుమతించెను గదా యని కొంద ఱనవచ్చును. ఆ సమాధాన మిచ్చట నిలువదు. ప్రధానరసము ముందుగాఁ బ్రతిష్ఠ పొందియుండవలెనని యా యనుమతికి నియమము గలదు. ఇచ్చట వీరము తుదిపుటలవఱకుఁ బ్రతిష్ఠయే పొందదు. అన్ని పుటలలోఁ బ్రతిష్ఠ పొందినది భయము.

నాకుఁ దోఁచిన సమాధానము వేఱు. ఈ కథలో డచ్చివాఁడు ప్రతినాయకుఁడు గాఁడు. అతనికి మొగము లేదు, పేరు లేదు. లారీయు బూట్లును మాత్రమే కలవు. అతఁ డుద్దీపనవిభావము. ప్రతినాయకుఁడు భయమే. ఈసా జయింపవలసినది దానిని. అతని యుత్సాహమున కాలంబనము నదియే. భయమును బ్రతినాయకునియందు నిలుపవలెనని యానందవర్ధనుఁడు చెప్పెను; లుబిస్ భయమునే ప్రతినాయకునిఁ జేసెను. అప్పుడు భయ మీసాయందున్నను, దుర్గమును శత్రు వాక్రమించినట్లున్నది గాని, దుర్గస్వామిధర్మముగా లేదు. వీరమున కనుభావములుగా ముని చెప్పినవానిలో స్థైర్యధైర్యములు ముందువరుసలోనివి. చెఱలో ఈసాయందుఁ గన్పట్టునవి యవియే. నాలుగువిధములగు వీరము చెప్పి, సత్యవీరపాండిత్యవీరక్షమావీరాదులకును నవకాశము గలదని జగన్నాథపండితరాయలు రసగంగాధరమునఁ జూపెను. ఆ ద్వారమున ఈసా ప్రవేశించుట కభ్యంతర ముండదు.

ప్రతినాయకుని వధింపలేదే యందురా, షాడ్గుణ్యమున సంధియు నొక గుణమే. డచ్చివారును ఇండొనీషియనులును లింగజాతియందుఁ గుదుర్చుకొన్న యొడంబడికపై 1947 మార్చి 25న సంతకములైనవి. జూలైలో నది భగ్నమైనది. 1948 జనవరిలో రెన్విలు అను నోడపైఁ జేసికొన్నది డిసెంబరు దాఁటలేదు. ఈసా చేసికొన్న సంధి భగ్నమగుట కవకాశ మీయకయే రచయిత పుస్తకమును మూసెను. అది తెలివి.

ఇఁక దోషములు. రసస్థాయివ్యభిచారులను స్వశబ్దముతోఁ జెప్పుట దోషమని మమ్మటుఁడు సప్తమోల్లాసమునఁ బరిగణించెను. ఈ నవలకు ముఖ్యదోష మదియే. ఈసా చేతులు వడఁకినవని చెప్పి, నోరెండినదని చెప్పి, పిమ్మట నతఁడు భయపడెనని రచయిత మరల మరలఁ జెప్పును. అనుభావములు పలికినచోట స్థాయి పేరు పలుకుట చదువరిని నమ్మకపోవుట. ఒక చిత్రము. ఇండొనీషియాభాషలో రసశబ్దము రుచి యను నర్థముననేకాక యనుభూతి యను నర్థమునను బ్రయుక్తమగును. భయమును ‘రస తాకుత్’ అందురు. మమ్మటుఁ డే పదమును బలుకవలదనెనో యా పదమే ‘రస’యై యా భాషలో నూరక యుండక మాటిమాటికి వచ్చును! ఈ కారణమున నా దోషము క్షంతవ్య మనను; చమత్కారము మాత్రము చెప్పక యుండలేకపోయితిని.

రెండవదోషము ఫాతిమాపాత్రము. ఆమె ఆఁకలి, ఆమె విసువు చక్కఁగా మొదలై నడుమ వదలివేయఁబడినవి. భర్త భయమునకుఁ గొలబద్దగా మాత్రమే యామె మిగిలెను. తుదిని ధైర్యముతోఁబాటు పుంస్త్వమును దిరిగి వచ్చెననుట శ్లేషవలె మఱీ సరిపోయెను. జీవితమునం దంత సరిగా నతుకు పడదు. హజిలు పతనమును ద్వరపడినది. ఎన్నడు వడఁకనివాఁడు విఱుగుట సహజమే. విఱుగుటకు ముందలి బీఁటను మనకుఁ జూపవలసి యుండెను.

ఈ యుద్ధమును గూర్చిన తక్కిన రచనల ప్రక్కన నిలిపి చూచినచో లుబిస్ చేసిన పని విలువ తెలియును. ఇద్రుస్ అను నతఁడు ‘సురబాయా’ యను దీర్ఘకథలో నా నగరయుద్ధమును, కాందిశీకులను, తుపాకులు వ్రేలాడఁగట్టుకొని చలనచిత్రములలోని కౌబాయిలవలెఁ దిరుగు యువకులను బరిహాసముతో వర్ణించి, స్వదేశీయులచే నిందితుఁడయ్యెను. 1945 తుదినెలలలో సాయుధయువకులు డచ్చివారిని, మిశ్రజాతులను, చీనావారిని హింసించిన మాట నిజమే కనుక నతఁ డసత్యము చెప్పలేదు. కాని యతని పరిహాసము దూరమునుండి చేసినది. బీభత్సము కలుగును, దానికిఁ బైమెట్టు లేదు. చైరిల్ అన్వర్ (1922–1949) 1948లోఁ గరవాంగు, బెకసీల నడుమఁ గూలినవారిచేతనే మాటలాడించి యొక ఖండిక చెప్పెను. అది అమెరికాకవి మాక్లీషు ఖండికకు ఛాయ యని చౌర్యవాద మొకటి కలదు. రాజశేఖరుని యర్థహరణభేదములలో దాని నెచ్చటఁ జేర్పవలెనో వేఱొకప్పుడు విచారింతును. అందు మృతులకు భయము లేదు, బ్రతికినవారిపై బాధ్యత యున్నది. ఇద్రుసు పరిహసించెను, చైరిల్ స్మరింపఁజేసెను. బ్రతికియుండి, మఱునాఁడు మరల బడికిఁ బోవలసిన వానిని గూర్చి వ్రాసినవాఁడు లుబిస్.

నామమును గూర్చి చెప్పెదనంటిని. ‘జాలన్’ దారి; ‘తాక్ అదా’ లేదు; ‘ఉజుంగ్’ అనఁగాఁ గొన, మొన, భూమి సముద్రములోనికిఁ జొచ్చిన యగ్రము. ఉజుంగ్ పండాంగ్ మొదలగు నూళ్లపేళ్లలో నున్న దీ పదమే. కనుక ‘అనంతమార్గము’ అన్నచో వేదాంతపువాసన వచ్చి మూలమునకుఁ జెడుపగును. ‘అంతులేని దారి’ యన్నచో నలసట మాత్రమే తోఁచును. కొస యనునది కంటికిఁ గనఁబడు వస్తువు. అక్కడికిఁ బోయి నిలువవచ్చును. అది లేదనుటలో, ఉన్నదని యింతవఱకుఁ జూచుచు వచ్చినవాని నిరాశయు నిమిడియుండును. కావున ‘కొసలేని త్రోవ’ యంటిని. ఇంతకంటెఁ దగిన తెలుఁగుమాట నెవ్వరేని సూచించినచో సంతోషముతో గ్రహింతును.